పిల్ల పుట్టిన సంతోషం కంటే అలసటే ఎక్కువగా ఉంటే

పాపకి ఏడు నెలలనీ, రాత్రిళ్ళు నిద్ర లేదనీ, "బంగారంలాంటి పిల్ల పుట్టింది, ఇంకా నీకేం తక్కువ" అని ఇంట్లోవాళ్ళు అంటుంటే తప్పు చేసినట్టు ఉంటోందనీ రాశారు. కృతజ్ఞతగా ఉండటం ఎలా అని అడిగారు. మా బాబు పసివాడిగా ఉన్నప్పుడు నాదీ ఇదే పరిస్థితి. అందుకే రాస్తున్నాను.

మాది కోనసీమలో లంక ఊరు. బాబు 2022 మే నెలాఖరులో పుట్టాడు. మా అమ్మ లేదు కాబట్టి పురిటికి ఎక్కడికీ వెళ్ళలేదు, అన్నీ అత్తగారే చూశారు. నాకు పథ్యం వంట, వేణ్ణీళ్ళు, బాబుకి నలుగు, స్నానం, సాంబ్రాణి పొగ. ఇంత చేస్తున్నా ఆవిడ మీద నాకు కోపంగానే ఉండేది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా పట్టొద్దని డాక్టరు గారు చెబితే, ఆవిడ తేనె నాకిస్తానంటారు. (తేనె విషయంలో ఇప్పటికీ నా మాట మీదే ఉన్నాను, ఏడాది నిండని పిల్లలకి పెట్టకూడదు.) బాబు ఏడిస్తే "పాలు చాలట్లేదేమో" అనేవారు. ఆ ఒక్క మాటకి రాత్రంతా ఏడ్చేదాన్ని.

జులైలో గోదావరికి వరదొచ్చింది. ఒకటిన్నర నెల టీకాలు వేయించి ఇంకా రెండు రోజులు కాలేదు. వాకిట్లోకి నీళ్ళు రాగానే పక్కవాళ్ళ డాబా మీదికి వెళ్ళిపోయాం. కరెంటు లేదు. ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటిందని ఎవరో ఫోన్లో చూసి చెబితే, పెద్దవాళ్ళంతా 1986 వరద తలుచుకున్నారు. నాకు అవేవీ చెవికెక్కలేదు. టీకా వేసిన తొడ వాచి, బాబు ఒళ్ళు కాలిపోతోంది. టీకా వేసిన నర్సు (ఏఎన్ఎం) ఇచ్చిన జ్వరం చుక్కలు వేసి, పాలిచ్చి, ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

తెల్లవారి చూస్తే అత్తగారు గోడకి ఆనుకుని, కాళ్ళు బారచాపి, వాటి మీద బాబుని పడుకోబెట్టుకుని ఉన్నారు. వాడి ఒళ్ళు చల్లబడింది. నాకు అందించి లేవబోయారు. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి మోకాలి మీద. సగం లేచి మళ్ళీ కూర్చుండిపోయారు. అప్పుడు తట్టింది నాకు. ఇన్ని రోజులుగా పీట మీద కూర్చుని, ఆ కాళ్ళ మీదే బాబుకి స్నానం పోస్తున్నారు. స్నానం అవగానే నేను బాబుని తువ్వాలులో చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆవిడ ఎలా లేస్తున్నారో ఒక్కరోజూ చూడలేదు.

మన ఇళ్ళల్లో థాంక్స్ చెప్పుకునే అలవాటు లేదు కదా. నేనూ చెప్పలేదు. ఇంటికి తిరిగొచ్చాక, స్నానం అయిన తర్వాత ముందు ఆవిడకి చెయ్యి అందించడం మొదలుపెట్టాను. "పాలు చాలట్లేదేమో" అనడం ఆవిడ మానలేదు, నాకు బాధా పూర్తిగా పోలేదు. కానీ పడుకునే ముందు ఆ రోజు నాకు ఎవరేం చేశారో ఒక్కటి తలుచుకోవడం అలవాటైంది. పడవ మీద పాలు తెచ్చిచ్చిన కుర్రాడు, బాబుకి తగ్గిందా అని మోకాళ్ళ లోతు నీళ్ళలో వచ్చి అడిగిన ఆశా అక్క, అడక్కుండానే ఉచ్చగుడ్డలు ఉతికి ఆరేసిన మా ఆయన. ఏదీ గుర్తురాని రోజులూ ఉండేవి. ఆ రోజు ఊరికే పడుకునేదాన్ని.

ఇంకో మాట. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే. మీకు ఏడు నెలలైంది. దిగులు రోజూ ఉంటున్నా, పాపని ఎత్తుకోబుద్ధి కాకపోయినా, చచ్చిపోవాలనిపించినా దాన్ని ఓర్చుకోవద్దు, డాక్టరుకి చెప్పండి. 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ వాళ్ళ నంబరు అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. నా కాన్పు నాటికి అది ఇంకా మొదలవలేదు.

మీ పాపకి స్నానం ఎవరు పోస్తున్నారో రాయలేదు. అన్నీ మీరొక్కరే చేసుకుంటుంటే కృతజ్ఞత సంగతి పక్కన పెట్టండి. అమ్మనో, ఆడపడుచునో, పక్కింటి పిన్నినో ఎవరో ఒకరిని వారానికి రెండుసార్లయినా వచ్చి పాపని ఒక గంట చూడమని అడగండి. ఆ గంట పడుకోండి.