పురుడు పొయ్యడానికి లీడ్స్ వస్తున్న చెల్లెలికి

చి. ల. సౌ. సుభద్రకు, అక్క ఆశీస్సులు.

శ్రావణి పురుటికి మార్చి నెలాఖరులో ఇంగ్లండ్ బయల్దేరుతున్నావని విని చాలా సంతోషించాను. ఏమేం తెచ్చుకోవాలో రాయమన్నావు. ఆ లిస్టు శ్రావణి ఎలాగూ పంపుతుంది, కారప్పొడులూ ఆవకాయా నువ్వు ఎవరు వద్దన్నా తెస్తావు. నేను చెప్పదలచుకున్నది వేరే సంగతి.

ఇక్కడికి పురుటికొచ్చే తల్లులను చాలామందిని చూశాను. మొదటి వారం వంటిల్లు సర్దుతారు. రెండో వారం ఫ్రీజర్ నింపుతారు. మూడో వారానికల్లా కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని "ఈ దేశంలో మనుషులే కనపడరేమిటే" అని మొదలుపెడతారు. అల్లుడూ అమ్మాయీ ల్యాప్‌టాప్‌ల ముందుంటారు, వాళ్లను కదిలించలేరు. ఇక రోజంతా ఫోనూ, యూట్యూబూ, లేనిపోని టెన్షనూ. నీకా గతి పట్టకూడదు. పొద్దున నడక పెట్టుకో, సాయంత్రం ఊలు అల్లిక పెట్టుకో. ఈ రెండూ వేర్వేరు పనులనుకోకు. నడకలో ఏ జంతువును చూశావో దాన్నే అల్లు, చూడనిదాన్ని అల్లకు. పుట్టబోయే బుజ్జిదానికి బొమ్మలు తయారవుతాయి, నీకూ పొద్దున్నే గడప దాటడానికి ఒక పని ఉంటుంది.

మొదట్లో కొండలూ గుట్టలూ వద్దు. లీడ్స్ ఊరి మధ్యనుంచి లివర్‌పూల్ దాకా 127 మైళ్ల కాలువ ఒకటుంది. దాని గట్టు పట్టుకో. ఒకప్పుడు గుర్రాలు పడవలను లాగిన బాట అది, కాబట్టి చదునుగా ఉంటుంది, దారి తప్పే ప్రశ్నే లేదు. కాలువ గట్ల మీద పెరిగిన వాళ్లం, మనకు కొత్తేముంది! వెనకనుంచి సైకిలు గంట వినిపిస్తే మాత్రం ఒక పక్కకు ఒదుగు. ఏప్రిల్లో ఆ నీళ్లలో బాతుపిల్లలు కనిపిస్తాయి. వాటి దగ్గర ఆగు. పసుపుపచ్చగా ముద్దుగా ఉన్నాయని ఫోటో తీసుకుని వచ్చెయ్యకు. ముక్కు మొదలునుంచి కంటి మీదుగా వెనక్కి ఒక ముదురు గోధుమరంగు చార ఉంటుంది, చూడు. పసుపు ఊలు ఉండకు ముక్కు కుట్టి ఊరుకుంటే అది కోడిపిల్లో బాతుపిల్లో ఎవరూ చెప్పలేరు. ఆ చార ఒక్కటి గోధుమరంగు దారంతో లాగావంటే కాలువలోంచి లేచి వచ్చినట్టుంటుంది.

ఏప్రిల్ మూడో వారం దాటాక ఇల్క్‌లీ వెళ్లు. లీడ్స్ నుంచి రైల్లో అరగంట. అక్కడ మిడిల్టన్ వుడ్స్ అనే అడవిలో చెట్ల కింద నేలంతా బ్లూబెల్స్ పూస్తాయి, మే మధ్యదాకా ఉంటాయి. బాట వదిలి పూలలోకి దిగి ఫోటోలు దిగొద్దని శ్రావణికి కూడా చెప్పు. తొక్కిన చోట ఆకులు నలిగితే ఆ మొక్క మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. దుంపతో పెరికితే 1981 నాటి చట్టం కింద నేరం కూడా. ఆ అడవుల్లోనే ఒక్కసారిగా వెల్లుల్లి వాసన కొడుతుంది. అది అడవి వెల్లుల్లి ఆకు. పప్పులో వేస్తారు ఇక్కడ మనవాళ్లు కొందరు. దాని పక్కనే దానిలాంటి లేత ఆకుల విషపు మొక్క కూడా పెరుగుతుంది కాబట్టి నువ్వు తెంపకు. బజార్లో తోటకూర దొరక్కపోయినా పాలకూర దొరుకుతుంది, చాలు.

అసలు నడక మా ఊరు స్కిప్టన్ దగ్గర. ఇక్కడ బాటలు రైతుల పొలాల్లోంచే పోతాయి. ఒకరి పొలంలోంచి మనం పోవడమేమిటని నీకు జంకు కలుగుతుంది, మనవాళ్లందరికీ అంతే. గేటు మీద పసుపు బాణం గుర్తు ఉంటే అది నడిచేవాళ్ల హక్కు, రైతు కూడా కాదనలేడు. బాణం నీలం అయితే గుర్రాలూ సైకిళ్లూ కూడా వస్తాయి. తెరిచి ఉన్న గేటును తెరిచే ఉంచు, మూసి ఉన్నదాన్ని దాటాక మళ్లీ మూసెయ్యి. నడిచేవాళ్లు వాడే ఓఎస్ (ఆర్డ్‌నెన్స్ సర్వే) ఎక్స్‌ప్లోరర్ మ్యాపుల్లో ఓఎల్2 నంబరుది ఇక్కడి పొలాలకు సరిపోతుంది. ఆకుపచ్చ చిన్న గీతలు ఎటు పోతే బాట అటు. ఫోన్లో సిగ్నల్ ఉంటుందనే భరోసా పెట్టుకోకు.

రాళ్లు పేర్చిన గోడల మధ్య సన్నని సందులుంటాయి. గొర్రె పట్టకూడదు, మనిషి ఒక కాలు ఒక కాలుగా దూరి పోవాలి. చీర కుచ్చిళ్లతో అది నీ వల్ల కాదు. సల్వారో, ప్యాంటో తెచ్చుకో, కాళ్ల అంచులు సాక్సుల్లో దోపుకో. గడ్డిలో గోమార్లు పడతాయి. నీళ్లు లోపలికి దిగని బూట్లు ఒక్కటి మాత్రం డబ్బు చూడకుండా కొను. ఎండ ఫెళ్లున కాస్తోంది కదా అని రెయిన్‌కోటు ఇంట్లో పెట్టి బయల్దేరకు. ఇక్కడ గంటలో మూడు కాలాలూ వస్తాయి.

ఆవుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మనవాళ్లే ఎక్కువ ధీమాగా ఉంటారు. గేదెల మధ్య పెరిగాం, ఆవును చూసి భయమేమిటి అనుకుంటాం. ఇవి మనిషి చెయ్యి తగిలి పెరిగినవి కావు. దూడలతో ఉన్న మందలోంచి దాటితే మీదికొస్తాయి, తొక్కి చంపిన సందర్భాలూ ఉన్నాయి. ఆవుకూ దూడకూ మధ్యలోంచి అసలు పోవద్దు. చుట్టు తిరిగి పో, లేదంటే వెనక్కి వచ్చెయ్యి. దణ్ణం పెట్టుకోవాలనిపిస్తే గోడకు ఇవతలనుంచే పెట్టుకో.

గొర్రెల దగ్గర జాగ్రత్త నీకు కాదు, శ్రావణికి. కొండ మీది మందలు ఏప్రిల్ మధ్యనుంచి ఈనుతాయి. ఈనే గొర్రెల దగ్గరికీ అప్పుడే పుట్టిన పిల్లల దగ్గరికీ గర్భిణులు వెళ్లకూడదని ఇక్కడి డాక్టర్లు గట్టిగా చెబుతారు. వాటినుంచి వచ్చే కొన్ని ఇన్ఫెక్షన్లు కడుపులో బిడ్డకు ప్రమాదం. కాబట్టి దాన్ని కాలువ గట్టుకే తీసుకెళ్లు. పొలాలకు మనిద్దరమే వెళదాం. నువ్వూ వాటిని ముట్టుకోకు, బూట్లు బయటే కడిగి ఇంట్లోకి వెళ్లు.

గోడకు ఆనుకుని నిలబడి చూస్తే చాలు. గొర్రె పక్కన ఏ నంబరు రంగుతో రాసి ఉందో దాని పిల్లల మీదా అదే నంబరు ఉంటుంది, ఏ పిల్ల ఎవరిదో రైతుకు తెలియడానికి. ఇక్కడి స్వేల్‌డేల్ జాతి గొర్రెల మొహాలు నల్లగా, మూతి తెల్లగా ఉంటాయి, పిండిలో మూతి పెట్టి వచ్చినట్టు. పిల్ల పాలు తాగుతున్నంతసేపూ తోక ఆగదు. ఇవన్నీ కాదు గానీ నువ్వు ముఖ్యంగా చెవులు చూడు. కుందేలు చెవులు నెత్తిమీద లేచి ఉంటాయి. గొర్రెపిల్లవి కళ్ల పక్కనుంచి అడ్డంగా బయటికి వస్తాయి. కాళ్లు ఒంటికి మించి పొడుగు, మోకాళ్లు లావు. కొన్న బొమ్మల్లో చాలావాటికి ఈ చెవులు నెత్తికెక్కి ఉంటాయి, అందుకే అవి గొర్రెపిల్లలా కాక తెల్ల కుక్కపిల్లల్లా ఉంటాయి.

అల్లికకు వస్తాను. చిన్నప్పుడు స్కూల్లో నేర్పిన నిట్ కుట్టు గుర్తుందిగా, అది చాలు. పర్ల్ అనే రెండో రకం కుట్టు జోలికి పోకు. డీకే అని రాసి ఉండే మధ్యరకం ఊలు తీసుకో. స్వెటరుకైతే 4 మిల్లీమీటర్ల సూదులు వాడతారు, బొమ్మకు 3.25 తీసుకో. అల్లిక బిగువుగా రాకపోతే లోపలి పీచు బయటికి తొంగిచూస్తుంది. 30 కుట్లు ఎక్కించి, 60 వరసలు నిట్ అల్లి ముగించు. నాలుగు పక్కలా సమంగా చదరపు ముక్క వస్తుంది.

నడకలో కుందేలు కనిపించాక ముందు దాన్ని చెయ్యి. చదరాన్ని బల్ల మీద పరిచి, ఎడమ అంచు మధ్యనుంచి కుడి అంచు మధ్యకు దారంతో దూరదూరంగా పోగులు వేసుకుంటూ పో. అక్కణ్ణుంచి పై అంచు నడిమికి, మళ్లీ దిగి మొదలుపెట్టిన చోటికి. త్రికోణం వచ్చిందా? ఆ త్రికోణం వెనక గుప్పెడు పీచు పెట్టి దారం రెండు కొసలూ లాగు. చూస్తూ ఉండగానే తల ఉబ్బి, పైనున్న రెండు మూలలూ చెవులై లేస్తాయి. మొదటిసారి లాగినప్పుడు శ్రావణిని పక్కన కూర్చోబెట్టుకో, సరదాగా ఉంటుంది. తర్వాత వీపు కుట్టి, కింద పీచు దట్టించి, అడుగున తెరిచి ఉన్న అంచును దారంతో బిగిస్తే అయిపోయింది. వెనక తెల్ల ఊలు కుచ్చు ఒకటి తోకకు.

గొర్రెపిల్లకు ఆ చెవుల పద్ధతి పనికిరాదని ఇప్పటికే నీకు తెలిసిపోయి ఉంటుంది. ఆ రెండు మూలలను లోపలికి తోసి కుట్టేసి, రెండు చిన్న ముక్కలు విడిగా అల్లి కళ్ల పక్కన అడ్డంగా తగిలించు. కుట్టే ముందు గుండుసూదులతో పెట్టి, అటూ ఇటూ జరిపి చూడు. ఒక్క వేలెడు పైకి పోతే మొహం మారిపోతుంది. గుండుసూదులు ఎన్ని గుచ్చావో లెక్కపెట్టి, అన్నీ తీశావో లేదో మళ్లీ లెక్కపెట్టు, ఇది పసిబిడ్డకిచ్చే బొమ్మ.

అందుకే గుండీలూ ప్లాస్టిక్ కళ్లూ వద్దు, ఎంత బాగున్నా సరే. కళ్లు నల్ల దారంతోనే కుట్టు. లోపల మన దూది పెట్టకు. ఒకసారి ఉతికితే ముద్ద కట్టి తొందరగా ఆరదు. బొమ్మల కోసమే అమ్మే పాలిస్టర్ పీచు కొను. నూగు రాలే మొహైర్ ఊలు ముట్టుకోకు, అది బిడ్డ నోట్లోకి పోతుంది. బొమ్మ పూర్తయినా నిద్రపోతున్న పసిబిడ్డ పక్కన పెట్టకూడదు. మెత్తటివేవీ మంచంలో ఉంచొద్దని ఇక్కడి నర్సులు చెబుతారు, వాళ్ల మాటే విను. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు నువ్వే చేత్తో పట్టుకుని ఆడించు.

ఈ నడకనూ అల్లికనూ కలపడం నేను కనిపెట్టిందేమీ కాదు. ఇక్కడికి ఉత్తరాన డెంట్ అనే ఊళ్లో పూర్వం ఆడామగా పిల్లాజెల్లా అందరూ మేజోళ్లు అల్లి బతికేవాళ్లు. సంతకు నడుస్తూ కూడా చేతులు ఆపేవాళ్లు కారట. నడుముకు ఒక చెక్కపిడి దోపుకుని, ఒక సూదిని అందులో నిలబెట్టి అల్లేవాళ్లు. వాళ్లది పొట్టకూటి పని, మనది తీరికపని, పోలిక పెట్టుకోవడం అన్యాయమేలే. అయితే నువ్వు మాత్రం నడుస్తూ అల్లకు, రాళ్ల బాటలో బోర్లా పడతావు. డెంట్ చూడాలని ముచ్చటపడితే మరిదిగారు వచ్చాక కారులో వెళదాం. ఊరి పేరుతో స్టేషనుంది గానీ అది కొండెక్కి ఊరికి నాలుగు మైళ్ల దూరంలో ఉంది.

సూదులు అక్కడ కొనకు, నా దగ్గర రెండు జతలున్నాయి. ఊలు కూడా ఇక్కడి చారిటీ షాపుల్లో ఉండలు ఉండలుగా చవగ్గా దొరుకుతుంది. వచ్చాక జెట్‌లాగ్ తీరనిచ్చి, ఏదో ఒక మంగళవారం రైలెక్కు. లీడ్స్ నుంచి ముప్పావు గంటలో స్కిప్టన్‌లో దిగుతావు. ఎక్కేముందు ఫోన్ చెయ్యి, స్టేషన్‌కు వస్తాను. పులిహోర నేను చేస్తాను, నువ్వు ఫ్లాస్కులో కాఫీ తే.

ఆశీస్సులతో,
అక్క