మొదటి మీటింగ్ నచ్చకపోతే ఇంకోటి చూడమను

చెల్లెమ్మా, మీ ఆయన ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగ్‌కి ఒక్కసారి వెళ్లి, "అంతా ఇంగ్లీషే, నాకొద్దు" అని వచ్చేశారన్నావు. నేనూ అలాగే వచ్చేశాను. రెండోసారి తెలుగులో నడిచే గ్రూపుకి వెళ్లా. ఒకాయన లేచి, పిల్ల ఫీజు డబ్బులు తాగేశానని చెప్పాడు. నా చేతిలో టీ గ్లాసు వణికింది. అది నా కథే.

అందుకే మూడు నాలుగు చోట్లకి వెళ్లి చూడమను. ఓపెన్ మీటింగైతే నువ్వూ పక్కన కూర్చోవచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఫీజు లేదు, పూర్తి పేరు చెప్పక్కర్లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. వేళ కుదరకపోతే ఆన్‌లైన్ మీటింగులున్నాయి. ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది. ఆయన వెళ్లినా వెళ్లకపోయినా నువ్వు దానికి వెళ్లు తల్లీ, నీకూ ఊపిరాడాలి కదా.

ఒక్కటి మాత్రం మర్చిపోకు. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టరుకి చూపించు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే తాగుడు, మత్తు మానడానికి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. ఈ వారం ఎక్కడికెళ్లారో రాయి, చూస్తుంటాను.