శ్రీలంకకు ఆగస్టులో వెళ్ళవచ్చా? వెళ్ళవచ్చు, తూర్పు తీరానికి

మీరు అడిగినది ఇది: శ్రీలంకకు డిసెంబరు నుంచి మార్చి దాకానే మంచి కాలమని అందరూ చెబుతున్నారు, మీ ఇంట్లో అందరికీ కలిసి సెలవు దొరికేది మాత్రం ఆగస్టులోనే. వెంట అరవై దాటిన అమ్మానాన్నలు, బడి ఈడు పిల్లలు. నైరుతి రుతుపవనాల మధ్యలో పోయి హోటలు కిటికీలోంచి వాన చూసి రావాలా, లేక ప్రయాణం వాయిదా వేసుకోవాలా?

వాయిదా వద్దు. ఆగస్టులోనే వెళ్ళండి. నేను ఆ దేశాన్ని జనవరి రద్దీలోనూ చూశాను, నైరుతి గాలులు వీచే రోజుల్లోనూ చూశాను. పెద్దవాళ్ళనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాల్సి వస్తే ఆగస్టునే ఎంచుకుంటాను. షరతు ఒక్కటే: అందరూ బస చేసే నైరుతి తీరంలో బస చేయకూడదు.

డిసెంబరు–మార్చి అన్న మాట ఊరికే పుట్టలేదు. సముద్రపు ఒడ్డు హోటళ్ళలో చాలా భాగం నెగొంబో, బెంతోట, హిక్కడువ, గాలే, మిరిస్సా వరుసలో ఉన్నాయి. యూరప్ వాళ్ళు తమ చలి తప్పించుకుని వచ్చేది కూడా ఆ నెలల్లోనే. ఆ తీరం వరకు ఆ సలహా నూటికి నూరుపాళ్ళూ సరైనది. దాన్ని దేశం మొత్తానికి అంటగట్టడం దగ్గరే చిక్కు వస్తోంది.

దేశం చిన్నదే, ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకు 430 కిలోమీటర్లు. కానీ మధ్యలో కొండలు రెండున్నర వేల మీటర్ల ఎత్తుకు లేచి నిలబడ్డాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి దిక్కు నుంచి వచ్చే తేమగాలి ఆ కొండల పడమటి వాలు మీద తన వానంతా దింపేస్తుంది. కొండ దాటి తూర్పుకు దిగేసరికి అది వేడిగా, పొడిగా మారుతుంది. తూర్పు జిల్లాల్లో దాన్ని కచ్చాన్ అంటారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కథ తిరగబడుతుంది, ఈశాన్యపు గాలి తూర్పును తడిపి పడమరను ఎండబెడుతుంది. ఇక వేడి సంగతి. భూమధ్యరేఖకు పది డిగ్రీల లోపే ఉన్న దేశం కాబట్టి కొలంబోలో అతి చల్లని నెలకూ అతి వేడి నెలకూ సగటున రెండు మూడు డిగ్రీలకు మించి తేడా ఉండదు. మనకు అలవాటైన ఎండాకాలం, చలికాలం లెక్క అక్కడ పనికిరాదు. వాన ఎటు, గాలి ఎటు, సముద్రం ఎలా ఉంది అన్న మూడే చూడాలి.

ఇది పుస్తకంలో చదివితే ఒకలా ఉంటుంది, రైల్లో కూర్చుని చూస్తే మరోలా ఉంటుంది. నేను ఒక జూలైలో క్యాండీ నుంచి బదుళ్ళ వైపు కొండ రైలు ఎక్కాను. హటన్ దగ్గర ముసురు, నాను ఓయ దాటాక తెల్లటి మంచు తప్ప ఏమీ కనబడలేదు. పక్క సీట్లో పెద్దాయన మాత్రం నిశ్చింతగా గొడుగు మడిచి సంచిలో పెట్టేసుకున్నాడు. ఎందుకా అని చూస్తున్నాను. పట్టిపోల స్టేషను దాటగానే ఒక సొరంగం వస్తుంది, ఆ మార్గంలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు అదే. మధ్య రాష్ట్రానికీ ఊవా రాష్ట్రానికీ సరిహద్దు కూడా అదే. సొరంగం అవతల ఒహియ వైపు బయటపడేసరికి నీలాకాశం, ఆరిన గడ్డి, కళ్ళు చికిలించాల్సినంత వెలుగు. అదే సొరంగం జనవరిలో దాటితే చాలా రోజులు ఇందుకు తలకిందులుగా ఉంటుంది. టీ తోటల వాళ్ళ లెక్క కూడా ఇదే. ఊవా టీకి పేరు తెచ్చే కోత జూలై నుంచి సెప్టెంబరు మధ్య, ఆ పొడిగాలి ఆకు మీద వీచేటప్పుడు. పడమటి వైపు దింబుల టీకి జనవరి నుంచి మార్చి. వాతావరణ పట్టికల కన్నా నాకు ఈ కోతల లెక్క మీదే ఎక్కువ గురి.

ఇంతకీ మీ ఆగస్టుకు ఏం చేయాలి? విమానాశ్రయం కటునాయకలో ఉంది, కొలంబోకు ఉత్తరాన. కొలంబో లోపలికి పోకుండా కురునాగల మీదుగా నేరుగా దంబుల్ల, సిగిరియ వైపు వెళ్ళిపోండి. కారులో నాలుగు గంటల ప్రయాణం. అక్కడి నుంచి ట్రింకోమలీ ఇంకో రెండు గంటలు. ఆగస్టులో ఈ దారి పొడుగునా ఎండిన చెరువులు, గోధుమరంగు పొదలు కనిపిస్తాయి. రుతుపవనాల దేశానికి వచ్చామా అని మీ పిల్లలు అడిగితే ఆశ్చర్యపోకండి.

ట్రింకోమలీ పక్కన నిలావెలి, ఉప్పువెలి తీరాలు ఆ నెలలో ఎంత నెమ్మదిగా ఉంటాయంటే, పిల్లలు మోకాళ్ళ లోతులో ఆడుకుంటుంటే మా ఇంటి పెద్దవాళ్ళు కుర్చీ నీళ్ళ అంచునే వేసుకుని కూర్చున్నారు. పొద్దున పూట నీళ్ళు అద్దంలా ఉంటాయి, మధ్యాహ్నం తరువాత గాలి లేస్తుంది. కాబట్టి పగడాల దిబ్బలు చూడడానికి పావురాల దీవికి పడవ ఎక్కేవారు తెల్లవారాక మొదటి పడవలోనే వెళ్ళాలి. దక్షిణానికి ఇంకా పోతే పాసికుడా ఉంది, అక్కడ లోతు చాలా దూరం దాకా పెరగదు, చిన్న పిల్లలకు అంతకన్నా మంచి చోటు ఆ దేశంలో నేను చూడలేదు. ఆరుగం బే మాత్రం అలల మీద పలకలతో జారే వాళ్ళ ఊరు, ఆగస్టులో వాళ్ళతోనే నిండిపోతుంది. మీ కుటుంబానికి దానితో పని లేదు. అమ్మగారికి ఆసక్తి ఉంటే, అష్టాదశ శక్తిపీఠాల్లో మొదట చెప్పుకునే శాంకరీదేవి స్థానం ట్రింకోమలీలోనే, కోణేశ్వరం గుడి ఉన్న కొండకొమ్ము మీద. నేలంతా రాయి కావడంతో సాయంత్రం పూట వెళ్తేనే పాదాలకు సుఖం.

పాదాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పాత రాజధానులైన అనురాధపురలోనూ పొలొన్నరువలోనూ పవిత్ర స్థలాల్లో చెప్పులు, టోపీ రెండూ తీయాలి. ఆగస్టు మధ్యాహ్నం ఆ రాతి మీద నడవడం పెద్దవాళ్ళ వల్ల కాదు. మందపాటి మేజోళ్ళు పట్టుకెళ్ళండి, వాటితో నడవనిస్తారు. సిగిరియ రాతికోట మెట్లు 1,200 దాకా ఉంటాయి, తెరిచే వేళకే వెళ్ళి ఎండ ముదరకముందే దిగాలి. మోకాళ్ళ నొప్పులుంటే దాన్ని వదిలేసి పొలొన్నరువ గల్ విహారలో రాతిలో చెక్కిన బుద్ధ విగ్రహాల దగ్గర తీరిగ్గా కూర్చోవడం మేలు, అది చదునైన చోటు.

ఆగస్టును నేను ఇంతగా వెనకేసుకు రావడానికి అసలు కారణం మిన్నేరియ. మూడో శతాబ్దంలో మహాసేనుడనే రాజు తవ్వించిన చెరువు అది. ఎండకాలం ముదిరే కొద్దీ నీరు వెనక్కు తగ్గి, ఆ ఒండ్రు మీద లేత గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి కోసం చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులు సాయంత్రానికి గుంపులు గుంపులుగా చేరతాయి. జూలై నుంచి అక్టోబరు దాకా ఉంటుంది, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎక్కువ. పిల్ల ఏనుగును తల్లి కాళ్ళ సందున పెట్టుకుని నడిపించడం దగ్గర నుంచి చూస్తే మీ పిల్లలు నెలల తరబడి అదే చెబుతారు. చెరువులో నీరు ఎక్కువగా ఉన్న ఏడాది అవి పక్కనున్న కౌడుల్ల వైపు పోతాయి. ఏ చెరువు దగ్గర ఉన్నాయో ఆ రోజు పొద్దున జీపు వాళ్ళనే అడగండి. ముందుగానే ఊరి పేరు రాసి డబ్బు కట్టేయకండి. జనవరిలో వెళ్ళినవాళ్ళకు ఈ దృశ్యం ఉండదు, అప్పటికి చెరువు నిండుగా ఉంటుంది.

క్యాండీలో ఎసల పెరహర కూడా ఈ కాలంలోనే. బుద్ధుని దంతధాతువు ఉన్న ఆలయం నుంచి పది రాత్రుల పాటు సాగే ఊరేగింపు, చివరి ఐదు రాత్రులు మరీ వైభవంగా ఉంటాయి. నికిని పౌర్ణమికి ముగుస్తుంది, మామూలుగా అది మన శ్రావణ పౌర్ణమి దరిదాపుల్లోనే పడుతుంది. చూడదగ్గదే, కానీ పెద్దవాళ్ళతో రోడ్డు పక్కన నేల మీద గంటల తరబడి కూర్చోవడం అంత తేలిక కాదు, మధ్యలో లేచి వెళ్ళడానికి దారి ఉండదు. కుర్చీ టికెట్టు తీసుకోండి, లేదా ఆ రాత్రులు క్యాండీని తప్పించుకోండి. ఆ వారం అక్కడ గది దొరకడమే కష్టం.

ఆగస్టులో దొరకనివి కూడా దాచకుండా చెప్పాలి. మిరిస్సా తిమింగలాలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకానే. నైరుతి గాలుల్లో అక్కడ పడవ ఎక్కితే కడుపులో తిప్పడం తప్ప మిగిలేది లేదు. యాత్రికుల కొండ శ్రీపాద శిఖరం ఎక్కే కాలం డిసెంబరు పౌర్ణమి నుంచి మే నెల వెసాక్ పౌర్ణమి దాకా. మిగతా నెలల్లో మెట్ల దారిలో దీపాలుండవు, టీ కొట్లుండవు, వాన మాత్రం ఉంటుంది. గాలే కోట వీధులు ఆగస్టులో జల్లుల మధ్య కూడా హాయిగానే తిరగవచ్చు. అక్కడ పిల్లల్ని సముద్రంలోకి మాత్రం దించకండి. వాన లేని రోజున కూడా అలలు అడుగు పట్టనివ్వవు, నీటి లాగుడు పైకి కనిపించదు. ఎర్ర జెండా ఎగరేసిన చోట ఈత వచ్చినవాళ్ళు కూడా ఒడ్డునే ఉంటారు.

నువర ఎలియ విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. ఆగస్టులో అది తడిగా, చలిగా, మబ్బుగా ఉంటుంది. 1,800 మీటర్ల పైన ఉన్న ఊరు, గదుల్లో దుప్పట్లు కూడా చెమ్మగా తగులుతాయి. టీ తోటలు చూడాలనుకుంటే సొరంగం అవతలి వైపు ఊళ్ళు, అంటే హప్పుటలే, బండారవేల, ఎల్లా ఎంచుకోండి. అక్కడ సాయంత్రం ఒక జల్లు పడితే పడుతుంది, పొద్దున మాత్రం తేటగా ఉంటుంది. 2025 నవంబరు చివర వచ్చిన దిత్వా తుఫానుకు ఆ కొండ రైలు మార్గం చాలాచోట్ల దెబ్బతింది, కాబట్టి టికెట్టు కొనేముందు ఏ భాగంలో రైళ్ళు నడుస్తున్నాయో చూసుకోవాలి.

మీరు జతచేసిన నెలవారీ వర్షపాతం పట్టిక గురించి ఒక మాట. అది కొలంబోది. అందులోనే గమనించండి, మే, అక్టోబరు నెలల్లో 300 మిల్లీమీటర్లు దాటిన వాన ఆగస్టులో అందులో సగం కూడా లేదు. అంటే నైరుతి కాలమంతా ఒకే తీరుగా కురవదు. మే నెలలో రుతుపవనం ప్రవేశించేటప్పుడే దెబ్బ పెద్దది. రత్నపుర, కళుతర ప్రాంతాల్లో 2003లోనూ 2017లోనూ ప్రాణాలు తీసిన వరదలు మే నెలవే. ఎవరైనా మే రెండో సగంలో కొండలకూ దక్షిణానికీ పోదామంటే నేను వద్దనే అంటాను.

ఇంకా గట్టిగా వద్దనేది అక్టోబరు చివర నుంచి డిసెంబరు మొదటి వారం దాకా. అప్పుడు ఏ వైపూ నమ్మకం లేదు. మధ్యాహ్నానికి దేశమంతటా ఉరుములు, పైగా బంగాళాఖాతంలో అల్పపీడనాలు పుట్టే కాలం. 1978లో బట్టికలోవాను ఊడ్చేసిన తుఫాను నవంబరులోనే వచ్చింది, దిత్వా కూడా నవంబరులోనే. చవకగా గదులు దొరుకుతాయని ఆ నెల ఎంచుకునేవాళ్ళను చూస్తే నాకు చిరాకు వేస్తుంది. ఏప్రిల్ మధ్యలో మరో రకం ఇబ్బంది ఉంది: సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, పైగా సింహళ, తమిళ ఉగాది సెలవులకు కొట్లు మూతపడి బస్సులు కిక్కిరిసిపోతాయి. ఉభయ తీరాలూ పొడిగా దొరికే కాలం ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి దాకా, కానీ అది పిల్లల పరీక్షల కాలం. ఆ మాట మీరే రాశారు.

సామానులో పలచటి నూలు బట్టలు, కొండ ఊళ్ళకు ఒక్కో స్వెటరు, గొడుగుకు బదులు వానకోటు చాలు, ఎందుకంటే ఆ గాలికి గొడుగు తిరగబడుతుంది. పౌర్ణమి రోజున దేశమంతా సెలవు, మద్యం అమ్మరు, గుళ్ళలో జనం ఎక్కువ. ముందుగా క్యాలెండరులో ఆగస్టు పౌర్ణమి ఎప్పుడో చూడండి. అది మీ సెలవులో మొదట పడితే క్యాండీ మొదట, చివర పడితే సముద్రం మొదట పెట్టుకుని గదులు తీసుకోండి. ట్రింకోమలీ గదులు ఆగస్టులో అక్కడి స్థానికుల సెలవులకే నిండిపోతాయి, కాబట్టి అన్నిటికన్నా ముందు అవి ఖాయం చేసుకోండి.