చెక్‌మేట్ అనగానే చెయ్యి కలిపేశాడు

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. మొన్న అండర్-9 చెస్ టోర్నమెంట్ నాలుగో రౌండ్‌లో ఎదుటి పిల్లాడు క్వీన్‌ని హెచ్7 గడిలో పెట్టి చెక్‌మేట్ అని చెయ్యి చాపాడంట, మావాడు చెయ్యి కలిపి ఎత్తులు రాసే షీట్ మీద సంతకం కూడా పెట్టేశాడు. రాత్రి స్కోర్‌షీట్ చూసి బోర్డు మీద ఆడిస్తే అది మేటే కాదండీ! పొద్దున్నే ఆర్బిటర్‌ని, అదే టోర్నమెంట్ రిఫరీని, అడిగితే ఇంక కుదరదమ్మా అన్నారు. ఆ పాయింట్ రాదా? వాడు రెండ్రోజులుగా బోర్డు ముట్టుకోవట్లేదు. మూవ్స్ రాసి పంపుతున్నా.
- ఒక అమ్మ, తెనాలి

జవాబు: రాదమ్మా. ఫిడే, అంటే ప్రపంచ చెస్ సంఘం, రూల్స్‌లో 8.7 అని ఉంది, ఇద్దరూ సంతకం పెట్టాక రిజల్ట్ తప్పైనా సరే అదే నిలబడుతుంది, ఆర్బిటర్ మారిస్తే తప్ప. తెల్లారేసరికి తర్వాతి రౌండ్ జతలు కూడా వేసేసి ఉంటారు, ఇంకేం మారుస్తారు చెప్పండి.

మీరు పంపిన మూవ్స్ నేనూ పెట్టి చూశా. డీ3లో బిషప్ ఉంది కాబట్టి హెచ్7 క్వీన్‌కి సపోర్ట్ ఉందనుకున్నారు ఇద్దరూ, కానీ మధ్యలో ఈ4లో ఆ పిల్లాడి గుర్రమే అడ్డంగా కూర్చుంది, మీవాడి రాజు జీ8 నుంచి వెళ్లి క్వీన్‌ని తినేయొచ్చు. ఆ బాబు మోసం చేశాడనుకోకండి, వాడూ మేటే అని నమ్మాడు, గట్టిగా అన్నాడు, ఆ గట్టిదనానికి మీవాడు లొంగిపోయాడు అంతే.

మీవాడికి ఒక్కటి అలవాటు చెయ్యండి. ఎవరు చెక్‌మేట్ అన్నా చేతులు తొడల కింద పెట్టుకుని మూడు చూడాలి, రాజు జరగ్గలడా, చెక్ ఇచ్చినదాన్ని తినొచ్చా, మధ్యలో ఏదైనా అడ్డం పెట్టొచ్చా. డౌటొస్తే క్లాక్ ఆపి చెయ్యెత్తితే ఆర్బిటర్ వస్తారు, అది వాడి హక్కు, భయపడక్కర్లేదు. మనం హాల్ బయట ఉంటాం కాబట్టి ఇది ఇంట్లోనే పదిసార్లు ఆడించాలి, నిజంగా చెయ్యెత్తించి మరీ.

2006లో జర్మనీలోని బాన్‌లో క్రామ్నిక్, అప్పటికి వరల్డ్ ఛాంపియన్, డీప్ ఫ్రిట్జ్ కంప్యూటర్‌తో ఆడుతూ ఒక్క ఎత్తులో పడే మేట్ చూసుకోలేదు, అదీ ఇదే హెచ్7లో, క్వీన్‌తోనే. ఆయన ఉన్న మేట్ చూడలేదు, మీవాడు లేని మేట్ ఒప్పుకున్నాడు. ఈ మాట వాడికి చెప్పండి, ఊరట పడతాడు.

ఇవాళ రాత్రి అన్నం తిన్నాక అదే పొజిషన్ పెట్టండి. ఏం చెప్పొద్దు, తిట్టొద్దు. ఆ క్వీన్‌ని వాడి చేత్తో వాడే తీసి పక్కన పెట్టేదాకా ఊరికే పక్కన కూర్చోండి.