ల్యాబ్ లేని స్కూల్లో సైన్స్ టీచర్: ఆన్‌లైన్లో ఏవి పనికొస్తాయి?

ప్రశ్న: ఫిజికల్ సైన్స్‌తో బీఈడీ చేసి, రాజాం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. ల్యాబ్ లేదు, నెట్ అంతంత మాత్రం. పాఠాలకు పనికొచ్చే వెబ్‌సైట్లు చెప్పండి. వాటి మీద కూర్చుంటే డీఎస్సీ ప్రిపరేషన్ దెబ్బతింటుందేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక టీచర్, విజయనగరం జిల్లా

జవాబు: లింకులు పోగేయకండమ్మా. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేవన్నీ దాచుకుంటే తెరిచి చూసే తీరిక ఉండదు. రేపటి పాఠానికి ఏది కావాలో అది ఒక్కటి వెతకండి.

మీకు నేను మొదట చెప్పేది ఫెట్ (PhET), సైన్స్ ప్రయోగాలను తెర మీదే చేసి చూసే సిమ్యులేషన్ల వెబ్‌సైట్. కొలరాడో యూనివర్సిటీ వాళ్లు 2002లో మొదలుపెట్టారు, పూర్తిగా ఉచితం. కొన్ని సిమ్యులేషన్లు తెలుగులోనూ ఉన్నాయి. నెట్ ఉన్నచోట ఫైలు దించుకుంటే, క్లాసులో నెట్ లేకుండానే బ్రౌజర్‌లో నడుస్తుంది.

విద్యుత్ వలయాల పాఠమే తీసుకోండి. ల్యాప్‌టాప్ తెరవకముందే, ఒక బ్యాటరీ, ఒక బల్బు, తీగలు ఎలా కలిపితే వెలుగుతుందో నోట్సులో బొమ్మ వేయించండి. ఒకే తీగ కలిపి వదిలేసే పిల్లలు తప్పకుండా ఉంటారు. వాళ్ల బొమ్మ ఎలా ఉందో అలాగే ఫెట్‌లో తెర మీద కలపండి. వెలగదు. ఎందుకని అడిగి, జవాబు మీరు చెప్పకుండా ఆగండి. రెండో తీగ మాట వాళ్లలోంచే రావాలి. అది కలపగానే బల్బు వెలుగుతుంది, ఎలక్ట్రాన్లు కదులుతూ కనిపిస్తాయి. బ్యాటరీ రెండు కొనలనూ నేరుగా తీగతో కలిపితే మంట కూడా చూపిస్తుంది. షార్ట్ సర్క్యూట్ గురించి చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. మర్నాడు టార్చి సెల్లు, చిన్న బల్బు పిల్లల చేతికే ఇవ్వండి. తెర మీద చూసింది చేత్తో చేసినదానికి సాటి రాదు.

పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే దీక్షా యాప్‌తో స్కాన్ చేయండి. వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, కానీ మీరు మొత్తం చూశాకే క్లాసులో పెట్టండి. చిన్న తరగతులకు తెలుగు కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది.

ఇక డీఎస్సీ. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మార్కుల వెయిటేజీ 20 శాతం, మిగతా 80 శాతం రాత పరీక్షదే. కంటెంట్ (సబ్జెక్టు), మెథడాలజీ (బోధనా పద్ధతులు) రెండూ అడుగుతారు. పిల్లలు ఎక్కడ తడబడ్డారో సాయంత్రం నాలుగు లైన్లు రాసుకుంటే, మెథడాలజీ చదివేటప్పుడు మీ దగ్గర సొంత ఉదాహరణలుంటాయి. ప్రైవేటు స్కూళ్లు ఉద్యోగానికి పెట్టే డెమో క్లాసులోనూ అవే అక్కరకొస్తాయి. సర్టిఫికెట్ల కోసం ‘స్వయం’ (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సుల్లో చేరడం మాత్రం పరీక్ష అయ్యేదాకా ఆపండి.