చంద్రుణ్ణి తీసేసి అద్దె సంగతి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ‘బ్రైట్ స్టార్’ సినిమా చూసి, నిద్ర పట్టక ఆ రాత్రే కూర్చుని రాశానన్నావు. ఇంగ్లీషు కవి కీట్స్ ఇటలీకి ఓడ ఎక్కేముందు, అతను ప్రేమించిన ఫానీ బ్రాన్ అతని ప్రయాణపు టోపీ లోపల పట్టుగుడ్డ వేసి కుట్టిందని రాసిన చోట నేను ఆగిపోయాను. చాలా బావుంది. కానీ ఆ వెంటనే నువ్వు కిటికీ తెరిచి చంద్రుణ్ణి లోపలికి పిలిచావు. అక్కణ్ణుంచి చివరిదాకా కన్నీళ్లూ, వెన్నెలా, విధి వైపరీత్యమూను. నాకు కోపం వచ్చింది. అందుకే ఇంత వెంటనే జవాబు రాస్తున్నాను.

ఆ టోపీ సంగతి నిజంగా జరిగిందే. ఆమె వేసిన పట్టు లైనింగ్ తన తలని కాల్చేస్తోందని నేపుల్స్ నుంచి కీట్స్ తన స్నేహితుడు బ్రౌన్‌కి ఉత్తరం రాశాడు. ఇంతకన్నా ఏ చంద్రుడు చెప్తాడమ్మా? ఫానీ కుట్టుపని బాగా తెలిసిన పిల్ల. జేన్ కాంపియన్ 2009లో ఈ సినిమా తీసినప్పుడు సూదీ దారంతోనే మొదలుపెట్టింది, కథంతా ఆ అమ్మాయి వైపు నుంచే నడిపింది. నీ కథలో ఆమె చేతులకి ఆ ఒక్కచోట తప్ప పనే లేదు.

ప్రేమకథ రాసేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే. ఇద్దరి మధ్యా ఎంత ప్రేమ ఉందో నాకు చెప్పొద్దు. చేతిలో ఎంత డబ్బుంది, ఎవరి ఇంట్లో ఎవరు అద్దెకున్నారు, జబ్బు చేస్తే ఎవరు దగ్గరుండి చూశారు, అది చెప్పు. ప్రేమ నాకు అందులోనే కనిపిస్తుంది.

విధి ఆడిన నాటకం అని రాశావు. విధి ఏం చేసింది? కీట్స్ లండన్‌లో గైస్ ఆస్పత్రిలో వైద్యం నేర్చుకున్నాడు, 1816లో లైసెన్సు కూడా వచ్చింది. కవిత్వం కోసం అది వదిలేశాడు. 1818లో వచ్చిన ‘ఎండిమియన్’ కావ్యాన్ని సమీక్షకులు చీల్చి చెండాడారు. పుస్తకాలు అమ్ముడుపోలేదు. తాతగారి ఆస్తిలో అతని వాటా కోర్టులో పడి ఉందని అతనికి తెలియనే తెలియదు. సంపాదన లేనివాడికి పిల్లనివ్వడానికి ఏ తల్లి అయినా వెనకాడుతుంది, ఫానీ తల్లీ వెనకాడింది. 1820 ఫిబ్రవరిలో నోట్లోంచి రక్తం పడింది. నువ్వు దాన్ని గులాబీ రేకు అన్నావు. అతను వైద్యం చదివినవాడు, ఆ క్షయ జబ్బుతోనే పోయిన తమ్ముడికి సేవ చేసినవాడు. కొవ్వొత్తి వెలుగులో రంగు చూసి ఇది ధమని రక్తం, ఇదే నా మరణశాసనం అన్నాడు. ఆ మాట పక్కన నీ గులాబీ నిలుస్తుందా?

నువ్వు పూర్తిగా వదిలేసిన ముఖ్యమైన ఘట్టం ఇంకొకటి ఉంది. లండన్ దగ్గర హాంప్‌స్టెడ్‌లో ఒకే ఇంట్లో ఒక వాటాలో బ్రౌన్, కీట్స్, రెండో వాటాలో ఫానీ వాళ్లు. మధ్యలో ఒక గోడ. ఆ ఏడాది వేసవిలో బ్రౌన్ అలవాటుగా తన వాటా అద్దెకిచ్చేశాడు. రక్తం పడుతున్న మనిషి కెంటిష్ టౌన్‌లో వేరే గదికి మారాల్సి వచ్చింది. ఆమెని అనుమానిస్తూ రాసిన కఠినమైన ఉత్తరాలు కొన్ని ఆ దూరంలోంచి వచ్చినవే. ఆగస్టులో తిరిగొచ్చాక ఫానీ వాళ్లే తమ ఇంట్లో పెట్టుకుని, ఓడ ఎక్కేదాకా చూసుకున్నారు. ఆ ఇంట్లో ఆ రోజులు ఎలా గడిచాయో రాయకుండా రోముకి ఎలా పరిగెత్తావు?

నా తొలినాళ్లలో పగలు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ రాత్రిళ్లు రాసేదాన్ని. చెల్లెలి పెళ్లి అప్పు తీరక తన పెళ్లి ఆగిపోయిన కంపోజిటరు, అంటే ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చేవాడి కథ ఒకటి వారపత్రికకి పంపాను. ఎడిటర్ వడ్డీ లెక్కలన్నీ కొట్టేశాడు. పాఠకులు అప్పులు మర్చిపోడానికే పత్రిక కొంటారన్నాడు. చివర్లో గోదావరి మీద వెన్నెల తనే కలిపి, కింద నా పేరు వేశాడు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. తర్వాత అదే కథ నా లెక్కలతోనే ఒక చిన్న పత్రికలో వచ్చింది. మా ప్రెస్సులో పనిచేసే కుర్రాడు చదివి “వడ్డీ సరిగ్గా కట్టారండీ” అన్నాడు. అంత మంచి సమీక్ష నాకు మళ్లీ ఎవరూ రాయలేదు.

మన భావకవులు కీట్స్‌నీ షెల్లీనీ ప్రాణంగా చదువుకున్నారు. విరహాన్ని పాట చేసుకున్నారు, వాళ్లకది చెల్లింది. వెనక వచ్చినవాళ్లు వెన్నెల ఒక్కటే పట్టుకున్నారు. ఎడిటర్లు ఇప్పటికీ అదే అడుగుతున్నారు. నువ్వు ఇవ్వకు.

ఇంకొకటి. ఇరవై అయిదేళ్లకే 1821 ఫిబ్రవరిలో అతను రోములో పోతే, నువ్వు ఫానీని మంచులో నిలబెట్టి కథ ముగించావు. సినిమా అక్కడ ఆగింది కాబట్టి నువ్వూ ఆగావు. ఆమె ఏళ్ల తరబడి సంతాపపు దుస్తుల్లో ఉంది. 1833లో పెళ్లి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కంది, 1865లో పోయింది. అతని ఉత్తరాలు మాత్రం దాచుకుంది. 1878లో అవి అచ్చయ్యాక లోకం ఆమెనే ఆడిపోసుకుంది. అమర ప్రేమకి మచ్చ అని ఆ పెళ్లిని దాచావా? దాచకు. కాపురం చేస్తూ, పిల్లల్ని పెంచుతూ ఆ ఉత్తరాల కట్టని ఏ పెట్టెలో, ఏ బట్టల కింద పెట్టిందో ఊహించు. కథ అక్కణ్ణుంచి మొదలుపెట్టి చూడు. పెద్దదయినా ఫర్వాలేదు, నేను చదువుతాను. పోటీకి పంపాలా వద్దా అన్న సంగతి తర్వాత.

ఆశీస్సులతో