డెక్సా స్కోరు బాగుంది, అయినా అమ్మ వంగిపోతోంది: సమాధానం

డెక్సాలో (ఎముకల సాంద్రత కొలిచే స్కాన్) నడుము స్కోరు -1.2 అని బాగానే వచ్చినా, అమ్మ వీపు ఎందుకు వంగిపోతోందని అడిగారు. స్కోరు అలా బాగా కనిపించడానికి చాలావరకు అరుగుదలే కారణం అయి ఉంటుంది. 71 ఏళ్లన్నారు కదా, ఆ వయసులో వెన్నుపూసల అంచుల్లో పెరిగే ఎముక ముళ్లను కూడా డెక్సా సాంద్రత కిందే లెక్కేస్తుంది. కుంగిన పూస కూడా గట్టిదానిలాగే కనిపిస్తుంది.

1. అదే రిపోర్టులో తుంటి స్కోరు చూడండి. -2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఆస్టియోపోరోసిసే (ఎముకలు గుల్లబారే జబ్బు).

2. చాలామంది వదిలేసేది ఇదే: వెన్నుకు పక్క నుంచి తీసే ఎక్స్‌రే. నడుము ఒక్కటే చాలదు, వీపు భాగం కూడా రావాలి. ఎదురుగా తీసిన ఫిల్ములో కుంగుడు తేలిగ్గా తప్పిపోతుంది. పక్క ఫిల్ములో పూస ముందువైపు ఎత్తు వెనకవైపు కంటే 20 శాతానికి పైగా తగ్గిందేమో డాక్టరుగారిని కొలిచి చెప్పమనండి. ముఖ్యంగా వీపు, నడుము కలిసే చోట, టి12 (వీపులో చివరి పూస), ఎల్1 (నడుములో మొదటి పూస) దగ్గర. ఇలాంటి విరుగుళ్లలో చాలావాటికి నొప్పే ఉండదు.

3. పెద్ద దెబ్బేమీ లేకుండా పూస కుంగితే, స్కోరు ఎంతున్నా ఆస్టియోపోరోసిస్‌గానే చూస్తారు. మందు మొదలుపెట్టే ముందు కాల్షియం, విటమిన్ డి, మైలోమా (ఎముక మజ్జలో వచ్చే ఒక క్యాన్సర్) పరీక్షల గురించి అడగండి.

ఎక్స్‌రేలో "ఎముకలు బాగున్నాయి" అన్నారని ఊరుకోవద్దు. ఎముక సాంద్రత దాదాపు 30 శాతం తరిగేదాకా మామూలు ఎక్స్‌రేలో తేడా తెలియదు.

కాళ్లలో బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.